తీగ కింద పేరు

వెబ్ డిజైను నేర్చుకుంటున్న పిల్లలు ఎవరు కనిపించినా నేను ఒకటే ప్రశ్న వేస్తాను. "ఈ బొమ్మ ఎక్కడిది?" అంటాను. "నెట్‌లోదండి" అంటారు. "నెట్‌లో ఎవరిది?" అంటే మాత్రం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఈ పెద్దావిడకి ఏమైంది అన్నట్టు నవ్వుతారు కూడా. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "నువ్వు రిటైరయ్యావు గానీ నీ కోపం రిటైరవలేదేంటే" అని మా అక్క ఆటపట్టిస్తుంది. అవదు. ఎందుకవదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ పనిలో ఉన్న కుర్రవాళ్ళు, ఆడపిల్లలు ఎవరైనా చదువుతుంటే కాస్త ఓపిక పట్టండి.

నా ఉద్యోగం తెనాలిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది. కంప్యూటర్లు వచ్చి టైపు మిషన్లను అటకెక్కించాయి. వాటితోపాటు అటకెక్కడానికి నేను ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళ వయసులో కూర్చుని కంప్యూటరు నేర్చుకున్నాను. రెండువేల సంవత్సరం దాటాక మా ఊళ్ళో కొత్తగా పెట్టిన ఒక కంప్యూటరు సంస్థలో వెబ్ డిజైను చెప్పే మేడమ్‌గా చేరాను. దాని యజమాని అంతకుముందు ఎరువుల ఏజెన్సీ నడిపిన మనిషి. ఆయన్ని డైరెక్టరు గారు అనాలి. ఓనరు గారు అంటే పలికేవారు కాదు. తెనాలి కాక బాపట్లలో ఒక బ్రాంచి, రేపల్లెలో ఒక బ్రాంచి ఉండేవి. మూడు చోట్లా బోర్డు మీద "ఇంటర్నెట్ సౌకర్యం కలదు" అని పెద్దక్షరాలు. ఉన్నది తెనాలిలో మాత్రమే, అదీ డైరెక్టరు గారి గదిలో, ఒకే ఒక్క ఫోను లైను మీద. ఎవరైనా ఫోను ఎత్తితే నెట్టు తెగిపోయేది.

మరి నెట్టు లేని రేపల్లెలో వెబ్ డిజైను ఎలా చెప్పేవాళ్ళం? నవ్వకండి. నెట్టుని మోసుకుపోయేదాన్ని. డైరెక్టరు గారు ఆఫీసుకి రాకముందే పొద్దున్నే వెళ్ళి, ఆ లైను మీద కూర్చుని, పనికొచ్చే సైట్లన్నీ పేజీలకు పేజీలు దింపుకునేదాన్ని. వాటిని సీడీలోకి ఎక్కించి, టిఫిన్ బాక్సు పక్కన సంచిలో పెట్టుకుని రేపల్లె ప్యాసింజరు ఎక్కేదాన్ని. వేమూరు దాటేసరికి రద్దీ తగ్గి కూర్చోవడానికి చోటు దొరికేది. అక్కడ ల్యాబులో ఆ సీడీ వేస్తే పిల్లలకి అదే ఇంటర్నెట్. చాలామంది కోర్సు అయిపోయేదాకా అసలు ఇంటర్నెట్ చూడలేదు, అయినా పేజీలు కట్టడం నేర్చేసుకున్నారు.

ఆ సీడీల్లో ఏముండేవో చెబితే ఇప్పటివాళ్ళకి ఆశ్చర్యంగా ఉంటుంది. ఇవాళ మీకు అన్నీ వేలికొసన ఉన్నాయి గాని, ఆ రోజుల్లో ఒక్కొక్కటీ వెతికి పట్టుకోవాల్సిందే. పేజీ ఎలా కట్టాలో మొదటి అక్షరం నుంచి ఓపిగ్గా చెప్పే పాఠాలు. ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో చూపించే పట్టికలు. బటన్లు, అంచులు, పేజీ వెనక పరుచుకునే నేతలాంటి బొమ్మలు. మన పేజీలోకి ఎత్తి పెట్టుకోవడానికి వీలుగా రాసిపెట్టిన చిన్న చిన్న కోడు ముక్కలు. ఇవన్నీ ఎవరు పెట్టారు? ఎక్కడో ఏ దేశంలోనో ఉద్యోగం చేసుకుంటూ, ఇంటికొచ్చి కూర్చుని రాసినవాళ్ళు. ఎవరి కోసం? ఎప్పుడూ చూడని నాలాంటి దాని కోసం! పైసా అడగలేదు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక్క మాట ఉండేది. వాడుకోండి, మార్చుకోండి, నా పేరు మాత్రం ఉంచండి.

అంతే వాళ్ళడిగింది. అందుకని నా క్లాసులో మొదటి రోజే ఒక నియమం పెట్టాను. ఎవరిది తీసుకున్నా పేజీ కింద "కృతజ్ఞతలు" అని రాసి ఆ మనిషి పేరు వేయాలి. వేయనివాళ్ళ పేజీ నేను చూసేదాన్ని కాదు. "మేడమ్‌కి ఈ పేర్ల పిచ్చేంటో" అని వెనకాల అనుకునేవాళ్ళు. అనుకుంటే అనుకోనీ.

ఒక రోజు రేపల్లె ల్యాబులో, నా సీడీల్లోంచి అక్కడి కంప్యూటర్లోకి ఎక్కించి ఉంచిన పాఠం తెరిచాను. అడుగున ఉండాల్సిన పేరు లేదు. ఆ చోట మా సంస్థ పేరుంది. ఇంకొకటి తెరిచాను, అదీ అంతే. ఒక పేజీలోనైతే, పాఠం రాసినాయన తనకి సాయం చేసిన స్నేహితుడికి ధన్యవాదాలు చెప్పుకున్నాడు. ఇద్దరి పేర్లూ మారిపోవడంతో ఇప్పుడు మా సంస్థకి మా సంస్థే ధన్యవాదాలు చెప్పుకుంటోంది.

రేపల్లె బ్రాంచి ఇన్‌ఛార్జిని పిలిచాను. మెత్తని మనిషి. ఎవరితోనూ గొడవ పడడు, ఎవరి పక్షానా నిలబడడు.

"ఎవరండీ ఇది చేసింది?"

"నేనేనండి మేడమ్. డైరెక్టరు గారు ఫోను చేసి పేర్లన్నీ మార్చమన్నారు. ఒక్కొక్కటీ ఎక్కడ మారుస్తామండి? కంప్యూటరుకే చెప్పాను, పాత పేరు వెతుక్కుని మనది పెట్టెయ్ అని. టీ తాగొచ్చేలోపు మొత్తం మారిపోయింది" అన్నాడు, మెచ్చుకుంటానేమో అన్నట్టు.

"మన సంస్థ మన సంస్థకే దండం పెట్టుకుంటోంది, చూశారా?"

వంగి చదివి పళ్ళికిలించాడు. "అడుగున చిన్నక్షరాలు ఎవరు చదువుతారండి? మనకెందుకొచ్చిన గొడవ చెప్పండి."

సాయంత్రం తెనాలిలో దిగీ దిగగానే డైరెక్టరు గారి గదికి వెళ్ళాను. ఆయన నవ్వారు. ఆయనకి కోపం వచ్చేది కాదు, అదే నాకు మరీ కోపం.

"మీరు మరీ సెంటిమెంటుగా ఆలోచిస్తారు మేడమ్. వాళ్ళు ఊరికే పెట్టారు, మనం ఊరికే తీసుకున్నాం. ఊరికే వచ్చినదానికి ఓనరెవరండి?"

"ఊరికే ఇచ్చారు కాబట్టే కదండీ పేరైనా ఉంచాలి. డబ్బు తీసుకునుంటే ఆ డబ్బే వాళ్ళకి మిగిలేది. ఇప్పుడు వాళ్ళకి మిగిలేదల్లా పేరొక్కటే."

"ఎక్కడో ఉన్నవాడు తెనాలొచ్చి చూస్తాడా ఏంటి?"

అదీ ఆయన న్యాయం! ఎవరూ చూడకపోతే తప్పు కాదు. ఆ వారమే సీడీల మీద కొత్త అట్టలు కొట్టించారు. వాటి మీద "మా సొంత పరిశోధనతో రూపొందించిన మెటీరియల్" అని ఉంది. పరిశోధన అంటే ఏంటో ఆయనకి తెలిస్తే నా చెయ్యి నరుక్కుంటాను. పేర్లున్న పాత సీడీలు మాత్రం నా దగ్గరే దాచుకుని, నా క్లాసు వరకు వాటితోనే చెప్పాను.

ఆ రోజుల్లోనే రేపల్లె బ్యాచిలో ఒక పెయింటరు చేరాడు. ముప్పై దాటిన మనిషి, పెళ్ళాం పిల్లలున్నవాడు. దుకాణాల బోర్డులు, లారీల వెనక రాతలు, గోడల మీద ప్రకటనలు రాసి బతికినవాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు. తెలుగు అక్షరం మాత్రం అతని బ్రష్షు కింద ఎంత సొగసుగా పడేదో! భట్టిప్రోలు నుంచి రేపల్లె దాకా ఏ బోర్డు అతనిదో నేను రైలు కిటికీలోంచి గుర్తుపట్టడం మొదలుపెట్టాను. అయితే అప్పటికే ఫ్లెక్సీలు దిగాయి. నాలుగు రోజులు కూర్చుని రాసే బోర్డుని మిషను గంటలో ముద్రించి ఇచ్చేస్తోంది. ఒక్కో కొట్టుమీదా అతని బోర్డు దిగిపోయి, దాని స్థానంలో ఫ్లెక్సీ ఎక్కుతోంది.

"అక్షరాల పని కంప్యూటర్లోకి పోయిందంట మేడమ్. నేను కూడా అందులోకే పోదామని వచ్చాను" అన్నాడు మొదటి రోజు.

మౌసు అతనికి లొంగలేదు. "ఇది సబ్బు ముక్కలాగా జారిపోతుందేంటండీ" అని విసుక్కునేవాడు. కానీ అతని అవసరం మాకే ఎక్కువ పడింది. అప్పట్లో పేజీలో తెలుగు అక్షరాలు పెడితే అవతలివాళ్ళ కంప్యూటర్లో గీతలు, చుక్కలు కనిపించేవి. అందుకని తెలుగు శీర్షికలని బొమ్మలుగా పెట్టేవాళ్ళం. అతను కాగితం మీద బ్రష్షుతో రాసిస్తే తెనాలిలో స్కాను చేయించేదాన్ని. అక్షరాలతోపాటు ఒకసారి ఒక అంచు గీసిచ్చాడు. తమలపాకు తీగ. ఒక ఆకు ముగిసిన చోట ఇంకో ఆకు పుట్టి, మధ్యలో చిన్న మెలిక తిరుగుతుంది. ఆ మెలిక వాళ్ళ నాన్న నేర్పించాడట. బోర్డుల మీద అతను సంతకం చేసేవాడు కాదు, ఆ మెలికే అతని సంతకం.

నాకు ఒక ఆలోచన వచ్చింది. ఎప్పుడూ తీసుకోవడమేనా? మనమూ ఒకటి ఇద్దాం. ఎవరైనా బొమ్మలు పంపితే అందరి కోసం పెట్టే సైటు ఒకటి మేం తరచూ వాడుకునేవాళ్ళం. పెయింటరుని అడిగాను.

"నాది కూడా పెడతారా? ఎవరు పడితే వాళ్ళు వాడుకుంటారేమో కదండీ?"

"వాడుకోవడానికే పెడుతున్నాం."

"పేరుంటదా మేడమ్?"

"ఉంటుంది. తీగ కిందే."

"అయితే పెట్టండి."

పెట్టిన తర్వాత చూపిద్దామని తెనాలికి రమ్మన్నాను. పొద్దున్నే డైరెక్టరు గారు రాకముందు ఆ గదిలో కూర్చున్నాం. పేజీ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగింది. ముందు తీగ వచ్చింది. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో అతని పేరు, దాని పక్కన రేపల్లె అని. అతను చేతులు చొక్కాకి తుడుచుకుని తెర మీద ఆ పేరుని వేలితో ముట్టుకున్నాడు. "మా ఊరి పేరు కూడా వేశారే!" అన్నాడు. కొన్నాళ్ళకి ఎవరో చలిదేశపు ఆవిడ రెండు ముక్కలు రాసి పంపింది, మా బేకరీ పేజీకి మీ తీగ పెట్టుకున్నాను, చాలా బాగుంది అని. అతనికి చదివి చెబితే పడీ పడీ నవ్వాడు. "బన్ను రొట్టెలకి తమలపాకులు చుట్టిందా ఏంటండి ఆవిడ!" కానీ ఆ మాట రేపల్లెలో అందరికీ చెప్పుకున్నాడని ఇన్‌ఛార్జి తర్వాత నాతో అన్నాడు.

తర్వాత కొద్ది రోజులకే దుగ్గిరాల పసుపు వ్యాపారి ఒకరు తన కొట్టుకి వెబ్‌సైట్ కావాలని మా సంస్థకి వచ్చారు. ఇన్‌ఛార్జి కట్టాడు. చుట్టూతా తమలపాకు తీగే! అడుగున "డిజైన్" అని రాసి మా సంస్థ పేరు. తీగ ఎక్కడ్నించి వచ్చిందయ్యా అంటే "సీడీలోంచండి" అన్నాడు. సీడీలో పెయింటరు పేరుతో పెట్టింది నేనే. ఆ పేరు కూడా టీ తాగొచ్చేలోపు మారిపోయిందన్నమాట.

మళ్ళీ డైరెక్టరు గారి గది. మళ్ళీ అదే నవ్వు.

"మన స్టూడెంటే కదండీ. మన ల్యాబులో నేర్చుకుని గీసినదేగా?"

"ఆయన మీ ల్యాబు గుమ్మం తొక్కకముందే అది గోడల మీద గీశాడండి! అది వాళ్ళ నాన్న నేర్పిన గీత!"

"సరే సరే, చూద్దాం లెండి."

ఆయన చూద్దామన్నది ఏదీ ఎవరూ మళ్ళీ చూడలేదు. పెయింటరుకి చెబితే అతనే నన్ను ఊరుకోబెట్టాడు. "పోనీండి మేడమ్. బాపట్లలో సెలక్షనుంది కదా. ఆ ఉద్యోగమొకటి వస్తే చాలు."

అవును, ఆ సెలక్షను సంగతి చెప్పాలి. హైదరాబాదు కంపెనీ ఒకటి వెబ్ డిజైనర్లని తీసుకోవడానికి బాపట్ల వస్తోందని డైరెక్టరు గారు ఊదరగొట్టారు. ఎవరి సొంత పని వాళ్ళు చూపించాలి, పని బాగుంటే చాలు అన్నారు. పెయింటరు ఆ మాట మీదే బతుకుతున్నాడు. బోర్డుల పని పూర్తిగా ఆగిపోయింది. ఈ ఉద్యోగం రాకపోతే అపార్ట్‌మెంట్లకి రంగులేసే ముఠాతో పోక తప్పదు. కూలీకి భయపడే మనిషి కాదతను. "రోలరు పట్టుకుని గోడంతా ఒకే రంగు పూస్తుంటే చెయ్యి అక్షరాలు మర్చిపోద్ది మేడమ్. అదొక్కటే నా భయం" అన్నాడు. అతనికి అక్షరాలు మిగలడమో పోవడమో ఆ ఒక్క రోజు మీద ఆధారపడి ఉంది.

ఆ రోజు పొద్దున తెనాలి స్టేషన్లో కలిశాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, సీడీని చేతిరుమాల్లో చుట్టి పట్టుకున్నాడు. తన పేజీలో చుట్టూ తీగ, మధ్యలో తను రాసిన బోర్డుల ఫోటోలు పెట్టుకున్నాడు. నిడుబ్రోలు దాటాక "ఇంగ్లీషులో అడుగుతారంటారా?" అని ఒక్క మాట అడిగాడు. తెలుగులోనే చెప్పండి, మీ పనే మాట్లాడుతుంది అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట ఎంత నమ్మకంగా అన్నానో అని నవ్వొస్తుంది, మంటా వస్తుంది.

బాపట్లలో ఒక కాలేజీ హాలు. కంపెనీ నుంచి వచ్చినాయన కుర్రవాడే, మర్యాదస్తుడు. అతని పక్క కుర్చీలో మా డైరెక్టరు గారు కూల్‌డ్రింకు పట్టుకుని కూర్చున్నారు. నేను, రేపల్లె ఇన్‌ఛార్జి వెనక వరసలో ఉన్నాం.

పెయింటరు వంతు వచ్చింది. కంపెనీ కుర్రాడు పేజీ తెరిచి చాలాసేపు చూశాడు. "బాగుందండి. అక్షరాలు చాలా బాగున్నాయి" అన్నాడు. నా గుండె కుదుటపడింది. అంతలో అతని భృకుటి ముడిపడింది.

"ఈ బోర్డరు నేను పొద్దున్నే చూశాను. సార్, మీరు చూపించిన పసుపు వ్యాపారి సైట్లో ఉన్నది ఇదే కదా? మీ డిజైనర్లు చేశారన్నారు?"

పెయింటరు మొహం విప్పారింది. డైరెక్టరు గారు ఇప్పుడు చెబుతారు, ఆ డిజైనరు ఇతనేనండి అని చెబుతారు, అనుకున్నాడు. నేనూ అనుకున్నాను, సిగ్గులేకుండా! అంతకంటే మంచి అవకాశం ఆయనకి మాత్రం ఎప్పుడొస్తుంది?

డైరెక్టరు గారు ఒక గుక్క తాగారు. "అవునండి. మా మెటీరియల్లోదే. స్టూడెంట్లు ప్రాక్టీసుకి వాడుకుంటుంటారు. మేం అభ్యంతరం పెట్టం" అన్నారు.

అభ్యంతరం పెట్టరట! మనిషి తన గీత తనే వాడుకుంటుంటే ఈయన అభ్యంతరం పెట్టరట! ఎంత పెద్ద మనసు!

"సొంత పని తెమ్మన్నాం కదండీ" అన్నాడు కంపెనీ కుర్రాడు పెయింటరుతో. "వేరేవాళ్ళది తెచ్చి మీదని చూపించడం కరెక్టు కాదు."

"నాదేనండి అది" అన్నాడు పెయింటరు.

నేను లేచాను.

"మేడమ్, కూర్చోండి" అన్నారు డైరెక్టరు గారు.

"కూర్చోనండి. ఆ తీగ ఈయనది. దాన్ని స్కాను చేయించింది నేను, నెట్‌లో పెట్టింది నేను. ఈయన పేరుతోనే ఉంది. ఈ కాలేజీలో నెట్టుంది కదా, తెరవండి."

అడ్రసు నేనే కొట్టాను. పేజీ మెల్లగా దిగింది. తీగ, పేరు, రేపల్లె. హాలంతా చూసింది. కంపెనీ కుర్రాడు చదివాడు, పెయింటరు వంక చూశాడు, డైరెక్టరు గారి వంక చూశాడు.

"పేరుందండి, నిజమే. కానీ మేడమ్, ఇలాంటి సైట్లలో ఎవరైనా ఏదైనా పెట్టి పేరు వేసుకోవచ్చు కదా?"

వింటున్నారా? ఎవరైనా ఏదైనా తీసుకుని పేరు వేసుకోవచ్చట. ఆ విద్యలో ఆరితేరిన మనిషి పక్క కుర్చీలో కూల్‌డ్రింకు తాగుతున్నాడు. అనుమానం మాత్రం ఎదురుగా నిలబడ్డవాడి మీద!

"ఒక పని చేద్దాం" అన్నాడు కుర్రాడు, తీర్పు చెబుతున్నవాడిలా. "బోర్డు మీద ఒకసారి అదే గీసి చూపించండి. మా డౌటు తీరిపోతుంది." సుద్దముక్క అందించాడు.

గీసేయండి బాబూ అని నా మనసు కొట్టుకుంటోంది. పక్కనుంచి ఇన్‌ఛార్జి కూడా "గీసెయ్యవయ్యా, ఒక్క నిమిషం పని, ఉద్యోగం వచ్చేస్తది" అని గొణుగుతున్నాడు. పెయింటరు సుద్ద అందుకున్నాడు. బోర్డు దాకా నడిచాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఇంకో సుద్దముక్క ఉందా సార్?"

"ఎందుకు?"

"ఆయనక్కూడా ఇవ్వండి. మెటీరియల్ మాదే అన్నారు కదా. ఇద్దరం గీస్తాం."

హాల్లో ఎవరో నవ్వి వెంటనే నోరు మూసుకున్నారు. డైరెక్టరు గారి నవ్వు మొదటిసారి పోయింది. "ఏంటయ్యా, వేళాకోళంగా ఉందా?"

"వేళాకోళం కాదండి. మీ మాటకి బోర్డు అక్కర్లేదు, నా మాటకి కావాలా?" అన్నాడు పెయింటరు. గొంతు పెంచలేదు. సుద్దముక్కని బల్ల మీద పెట్టి, నాకు దండం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సీడీ కంప్యూటర్లోనే ఉండిపోయింది.

నేను ఊరుకున్నానా? కంపెనీ కుర్రాణ్ణి నిలబెట్టి అడిగాను. "బాబూ, ఇద్దరు మనుషులు ఒక వస్తువు నాదంటే నాదన్నారు. మీరు ఒకణ్ణే ఎందుకు రుజువడిగారు?" అతను నిజాయితీపరుడే అనాలి, దాచకుండా చెప్పాడు. "మేడమ్, రేపు మేం మళ్ళీ ఈ సార్‌తోనే పనిచేయాలండి. మీరు కూడా అర్థం చేసుకోవాలి."

అర్థం చేసుకున్నాను. అక్కడే, అందరి ముందే, రేపట్నుంచి నేను రానని డైరెక్టరు గారికి చెప్పాను. ఆవేశపడకండి మేడమ్ అన్నారు. ఆవేశం కాకపోతే ఏం పడాలండి అన్నాను. స్టేషనుకి నడుస్తుంటే ఇన్‌ఛార్జి వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. "నేను మార్చకపోతే ఇంకొకళ్ళు మార్చేవాళ్ళు కదండీ మేడమ్" అన్నాడు. "ఆ ఇంకొకళ్ళని మార్చనివ్వాల్సింది" అన్నాను. పాపం, అతనిది ఒట్టి మెతకతనం. కానీ ఇలాంటి మెత్తనివాళ్ళు చుట్టూ లేకపోతే డైరెక్టరు లాంటివాళ్ళ పని ఒక్క రోజు కూడా సాగదు. అది మాత్రం రాసిపెట్టుకోండి.

ఆ తర్వాత వేరే ఉద్యోగం చూసుకున్నాను, ఒక బడిలో పిల్లలకి కంప్యూటరు చెప్పే పని. డైరెక్టరు గారికి ఏమీ కాలేదు. బ్రాంచీలు పెరిగాయి, శాలువాలు కప్పించుకున్నారు.

కొద్ది రోజుల తర్వాత పెయింటరుని చూద్దామని రేపల్లె వెళ్ళాను. ఒక రైసు మిల్లు ప్రహరీకి రంగు వేస్తున్నాడు. పొడుగాటి గోడ, మొత్తం ఒకే పసుపు. నన్ను చూసి రోలరు కిందపెట్టి, నీడలో స్టూలు వేశాడు. ముఠా వాళ్ళతో హైదరాబాదు వెళ్ళడం ఖాయమైందన్నాడు. ఇంకో చోట ఉద్యోగం ప్రయత్నిద్దామని, ఎవరెవరిని అడగాలో నేను ఏదేదో చెప్పుకుపోయాను. అతను విన్నాడు.

"మేడమ్, ఒక సాయం చేస్తారా?"

"చెప్పండి."

"ఆ నెట్‌లో తీగ కింద నా పేరుంది కదండీ. తీసేయించండి."

బాగా గట్టిగానే అరిచాను. "ఎందుకు తీయాలి? అది మీది! ఆ ఒక్క చోటే నిజం మిగిలింది! దాన్ని కూడా చెరిపేసుకుంటారా?"

"బాపట్లలో జరిగింది ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది మేడమ్. దొంగ బొమ్మ పెట్టి పట్టుబడ్డాడంట అని ఒకడు, కాదంట అని ఒకడు. మా పిల్లలు చదువుకుంటున్నారు. రేపు వాళ్ళు కంప్యూటరు నేర్చుకుని దాన్ని చూస్తే, పక్కనోడు ఇది మీ నాన్న కొట్టేసిందే కదా అంటే, వాళ్ళేం చెబుతారు? బొమ్మ ఉండనీయండి. ఆ బేకరీ ఆవిడ పెట్టుకుంది కదా, పాపం. పేరొక్కటి తీసేయండి."

ఎంత వాదించినా వినలేదు. పేరు అతనిది. ఉంచమనే హక్కు ఎలా ఉందో, తీయమనే హక్కూ అలాగే ఉంది. తెనాలి వచ్చి, స్టేషను దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని, ఆ సైటు నడిపేవాళ్ళకి రాశాను. కారణం రాయలేదు. గీసినాయన కోరుతున్నాడు, పేరు తీసేయండి అని మాత్రం రాశాను.

మర్నాడు జవాబొచ్చింది. ఎవరో పరాయివాళ్ళు, ఎంత మర్యాదగా రాశారు! తీసేశామండి, ఇంత మంచి గీత కింద పేరు లేకపోతే మాకు వెలితిగా ఉంది, ఆయన పేరు వద్దనుకుంటే బదులుగా ఎవరి పేరు వేయమంటారు అని అడిగారు. మూడు ఊళ్ళలో, తెలిసినవాళ్ళ మధ్య, ఆ మనిషిని ఎవరూ అడగని ప్రశ్న అది. నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు, ఆపుకోవడం ఇంకా కష్టం. నెట్ సెంటరు వాళ్ళు చూస్తున్నారని కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరి పేరూ వద్దని జవాబు కొట్టాను.

ఈ మధ్య ఒక పెళ్ళికి వెళితే శుభలేఖ అంచున ఆ తీగ కనిపించింది. అదే ఆకు, అదే మెలిక. ఎక్కడిదమ్మా ఈ డిజైను అంటే, నెట్‌లో ఊరికే దొరుకుతుందండి అంది కార్డు వేయించిన అమ్మాయి. ఎవరు గీశారో ఎవరికీ తెలియదు.

నేనిందులో ఎవరి పేరూ రాయలేదని మీరు గమనించే ఉంటారు. డైరెక్టరు గారి పేరు రాయలేదు, ఎందుకంటే ఆయన పేరు తనది కాని చోట్ల ఇప్పటికే చాలా ఉంది. పెయింటరు పేరు రాయలేదు, ఎందుకంటే అతను వద్దన్నాడు. మొదటిదానికి నాకు చింత లేదు. రెండోది మాత్రం నా వల్ల కాలేదు. ఈ వాక్యం ఉన్న చోట ఇందాక ఆ పేరు రాశాను. ఊరి పేరుతో సహా రాశాను. చాలాసేపు చూసుకుని, కొట్టేశాను.